తినని సాంబారుకు పెట్టిన సంతకాలు

నా చేతిరాత బాగుంటుందని మా బడిలో పేరు. ఆ చేతిరాతతో ఏడేళ్ళపాటు నేను ఎక్కువసార్లు రాసిన మాట ఒకటే: "రుచి చూశాను. బాగుంది." దాని కింద సంతకం. ఆ ఏడేళ్ళలో ఒక్కసారి కూడా నేను రుచి చూడలేదు.

పాకాల దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను సోషల్ టీచరును. మధ్యాహ్న భోజనం పిల్లలకు వడ్డించే ముందు ఒక టీచరు దాన్ని తిని చూడాలి, ఎలా ఉందో రిజిస్టరులో రాయాలి. అది నియమం. నేను చేరిన వారానికే ఆ పని నా నెత్తిన పడింది. కొత్తగా వచ్చినవాడు కాదనలేడు కదా. రోజూ పన్నెండు దాటాక వంటామె ఒక స్టీలు పళ్ళెంలో కాస్త అన్నం, చిన్న గిన్నెలో సాంబారో పప్పో పెట్టుకొని, పైన మూత వేసుకొని స్టాఫ్ రూముకు వచ్చేది. "సార్, అన్నం" అని బల్ల మీద పెట్టి వెళ్ళేది. నేను రిజిస్టరు తెరిచి రాసేవాణ్ణి. కాసేపటికి ఆమె మళ్ళీ వచ్చి, మూత కూడా తీయని పళ్ళేన్ని పట్టుకొని పోయేది. ఆ విషయం మీద మేమిద్దరం ఎన్నడూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

మాది తిరుపతి. మా నాయన గుడి కైంకర్యంలో పనిచేసి రిటైరయ్యారు. మా ఇంట్లోకి ఎర్రగడ్డ, తెల్లగడ్డ, అంటే ఉల్లీ వెల్లుల్లీ, రావు. బడి నుంచి వచ్చాక స్నానం చేస్తే గానీ మా అమ్మ నన్ను వంటింటి గడప తొక్కనివ్వదు. పొద్దున రైల్లో పాకాలకు వెళ్ళేటప్పుడు నా చేతిలో పుస్తకాల సంచి ఉన్నా లేకపోయినా క్యారియరు మాత్రం ఉంటుంది. నీళ్ళు కూడా నా సీసావే. ఎవరైనా అడిగితే, "సాంబారులో ఎర్రగడ్డ వేస్తారు కదండీ, మేము తినం" అనేవాణ్ణి. దానికి ఎవరూ ఎదురు చెప్పలేదు.

వంటామె చర్చి వీధి మనిషి. ఆదివారం బడికి ఏదైనా పని మీద వెళ్తే, తెల్లచీర కట్టుకొని ప్రార్థనకు పోతూ కనబడేది. ఆమె వండింది కాబట్టి తినడం లేదా అని నన్ను నేను ఎన్నడూ అడుక్కోలేదు. ఎర్రగడ్డ ఉందిగా, ఇక అడగాల్సిన అవసరం ఏముంది? ఎనిమిదో తరగతికి సమానత్వం పాఠం చెప్పేటప్పుడు మాత్రం నా గొంతు మామూలు కంటే కాస్త పైకే లేచేది. పిల్లలు బుద్ధిగా వినేవాళ్ళు. పాఠం అయ్యాక గంట కొట్టేవాళ్ళు. ఆమె పళ్ళెం తెచ్చేది.

ఇట్లా ఉండగా, కొందరు ప్రభుత్వ బడుల టీచర్లను మూడు వారాలు జపాన్ పంపుతున్నారని, దరఖాస్తు పెట్టుకోమని కబురొచ్చింది. పెట్టాను. ఇంటర్వ్యూలో, "ఇతర సంస్కృతులను అర్థం చేసుకోవడానికి టీచరుకు ఏం కావాలి?" అని అడిగారు. "తన అలవాట్లే సరైనవి అనుకోకుండా ఉండగలగాలి" అన్నాను. ఎంత గడగడా చెప్పానంటే, బయటికి వచ్చాక నా మీద నాకే ముచ్చటేసింది. నెల తిరక్కుండా ఎంపికైనట్టు ఉత్తరం వచ్చింది.

బయలుదేరడానికి వారం ముందు వంటామె మీద అర్జీ పడింది. సంతకం లేని అర్జీ. అందులో రెండు మాటలు ఉన్నాయి. సాంబారు నీళ్ళలా ఉంటోందని, పిల్లలు పారబోస్తున్నారని ఒకటి. పిల్లల సరుకులతో టీచర్లకు వేరే వంట చేసిపెడుతోందని రెండోది. రెండోది చదివి స్టాఫ్ రూములో అందరం నవ్వాం. ఆ అన్నం ఏ టీచరూ ముట్టడు, ఇంక వేరే వంట ఎక్కడిది? ఆ పని కోసం ఊళ్ళో ఇంకో ఆడవాళ్ళ సంఘం ఎదురుచూస్తోందని అందరికీ తెలుసు. వాళ్ళను అనడానికీ లేదు, వాళ్ళ ఇళ్ళలోనూ పొయ్యి వెలగాలి. మండల అధికారి ఫోను చేసి మా హెడ్మాస్టరుతో చెప్పారట: రిజిస్టరులో సంతకాలు ఎవరివో ఆ టీచరు తిరిగొచ్చాక విచారణకు వస్తాను, ఆయన మాటను బట్టే ఈమె ఉండాలా వద్దా తేలుస్తాను అని.

ఆ సాయంత్రం ఆమె గేటు దగ్గర నా కోసం నిలబడి ఉంది. చేతిలో పళ్ళెం లేకుండా ఆమె నా ఎదురుగా నిలబడటం బహుశా అదే మొదటిసారి.

"సార్, నా మింద అర్జీ ఇచ్చినారంట."

"విన్నానమ్మా."

"ఈ పని పోతే నేను యాడికి పోవాల సార్? మామిడి తోటల్లో కాయల గంపలు మోసే వయసా నాది? పాప చిత్తూర్లో నర్సింగు చదవతా ఉండాది. ఇంకా రెండేండ్లు ఉండాది దానికి."

"నువ్వేం భయపడొద్దు. ఏడేండ్లుగా బాగుందని రాస్తా ఉండేది నేనే కదా. వచ్చినాక నేనే చెప్తాను."

ఆమె ఒక క్షణం నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

"సరే సార్. పోయిరాండి. ఆడ మీకు తిండి ఎట్లుంటాదో ఏమో, జాగర్త" అంది.

మా అమ్మకూ అదే బెంగ. రెండు సీసాల పులిహోర పులుసు, కందిపొడి, గూడూరు నిమ్మకాయల ఊరగాయ, ఒక చిన్న కరెంటు కుక్కరు, ఇవన్నీ పెట్టెలో సర్దితే నా చొక్కాలకు చోటు మిగల్లేదు.

నన్ను పంపిన బడి వరిపొలాల మధ్య ఒక చిన్న ఊళ్ళో ఉంది. గుమ్మంలోనే బూట్లు విడిచి లోపలి చెప్పులు తొడుక్కోవాలి. అది చూసి, ఫరవాలేదు, మా అమ్మ మెచ్చుకునే దేశమే అనుకున్నాను. నాకు మాట సాయానికి కాలేజీలో చదివే ఒక అమ్మాయిని ఇచ్చారు. వాళ్ళ భాషలో వాళ్ళు చెప్పేది ఆ అమ్మాయి ఇంగ్లీషులో నాకు చెప్పేది.

మొదటి రోజు మధ్యాహ్నం ఆరో తరగతి గదిలో భోజనానికి కూర్చున్నాం. అక్కడ వడ్డన పిల్లలదే. తలకు తెల్ల టోపీలు పెట్టుకొని, ముక్కుకు గుడ్డ కట్టుకొని, ఒక్క మెతుకు కింద పడకుండా వడ్డిస్తారు. టీచరు కూడా వాళ్ళ మధ్యే కూర్చొని అదే తింటుంది. నా ముందు కూడా ఒక ట్రే పెట్టారు. పులుసులో చేపపొడి ఉంటుందని ముందే చదువుకొని ఉన్నాను కాబట్టి, నవ్వుతూ చేతులు జోడించి ట్రేను పక్కకు జరిపాను. నా డబ్బా తెరిచి పులిహోర తిన్నాను. పక్కనున్న పిల్ల నా పసుపు రంగు అన్నాన్ని చూసి కళ్ళు పెద్దవి చేసింది. ఎవరికీ శ్రమ ఇవ్వకుండా నా తిండి నేనే తెచ్చుకున్నానని లోలోపల కొంచెం గొప్పగానే ఉంది.

బడి విడిచే వేళకు హెడ్మాస్టరు నన్ను పిలిపించారు. ఆయన పక్కన రబ్బరు బూట్లు వేసుకున్న ఒక ఆవిడ నిలబడి ఉంది. యాభై దాటి ఉంటాయి. టోపీ తీసి చేత్తో పట్టుకుంది. ఆ బడి వంటావిడ. నన్ను చూడగానే నడుం దాకా వంగింది. నేను కంగారుపడి నేనూ వంగాను. ఆవిడ ఏదో చెప్పింది.

మాట సాయం అమ్మాయి నాతో అంది: "మీ ట్రే వంటగదికి ముట్టుకోకుండా తిరిగి వచ్చిందట. తన వంటలో ఏం తప్పు జరిగిందో చెప్పమంటున్నారు."

అక్కడ వెనక్కి వచ్చిన ప్రతి ట్రేనూ వంటగదిలో చూస్తారట. ఏది మిగిలింది, ఎంత మిగిలింది, ఎందుకు మిగిలింది అని ఆలోచిస్తారట. నాకు చెంప పగిలినట్టయింది. అయ్యో, తప్పు ఆమెది కాదు, మా ఇంట్లో చేప తినం, మా పద్ధతి అది అని గబగబా చెప్పాను. ఆవిడ అంతా విని, జేబులోంచి చిన్న పుస్తకం తీసింది.

"అయితే మీరు ఏమేం తింటారు?" అని అడిగింది.

అన్నం, కూరగాయలు, పాలు అన్నాను. ఎర్రగడ్డ, తెల్లగడ్డ వద్దన్నాను. ఎర్రగడ్డ మాట వినగానే ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. అయినా రాసుకుంది. ఊరు కాని ఊళ్ళో, భాష తెలియని మనిషి నన్ను ఆ ప్రశ్న అడగడం చూసి నా గుండె కరిగిపోయింది. మన దగ్గర ఇట్లా అడిగేవాళ్ళు ఎవరుంటారు అనుకున్నాను. ఈ మాట గుర్తు పెట్టుకొని మరీ ఇంటికి తెచ్చాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మర్నాడు నా ట్రే మీద నా పేరు రాసిన కాగితం ఉంది. చేపపొడి బదులు సముద్రపు నాచు ఉడికించిన నీళ్ళతో పులుసు, అందులో గుమ్మడికాయ ముక్కలు, అన్నం. ఆవిడ తలుపు అద్దంలోంచి చూస్తోంది. తిన్నాను. నిజం చెప్పాలంటే చప్పగా ఉంది. ఉప్పూ కారం లేని జ్వరం పథ్యం. అయినా గిన్నె అడుగు కనబడేదాకా తిన్నాను. ఆవిడ అద్దం వెనకాలే ఒకసారి వంగి వెళ్ళిపోయింది. తర్వాత వంటగదికి పోయి ఆవిడను అడిగి ఫోటో తీసుకున్నాను.

రెండో వారంలో ఒకరోజు హెడ్మాస్టరు గదిలో కూర్చొని ఉండగా, ఇంకా భోజనం గంట కొట్టకముందే ఆయనకు ఒక ట్రే వచ్చింది. ఆయన మాటలు ఆపేసి, ఒక్కొక్కటీ నెమ్మదిగా నమిలి తిన్నారు. తర్వాత ఒక పుస్తకం తీసి రాశారు. ఏమిటని అడిగాను.

"పిల్లల కంటే అరగంట ముందు నేను తినాలి. నాకేమైనా అయితే పిల్లలకు పెట్టరు" అని నవ్వారు.

"మా దగ్గరా ఇదే నియమం ఉంది" అన్నాను గర్వంగా.

ఆయనకు భలే సంతోషమేసింది. "అవునా? మీ బడిలో ఎవరు తింటారు?"

"నేనే."

"మీ వంటావిడ ఏది బాగా చేస్తారు?"

ఏం చేస్తుందో తెలుసు, వారంలో ఏ రోజు ఏం వండాలో గోడ మీద రాసి ఉంటుంది. ఏది బాగా చేస్తుందో నాకెట్లా తెలుస్తుంది? ఆయన పెన్ను పట్టుకొని ఎదురుచూస్తున్నారు. సాంబారు అన్నాను. ఎట్లా ఉంటుందని అడిగారు. మా అమ్మ చేసే సాంబారు రుచి చెప్పాను. ఆ అమ్మాయి దాన్ని వాళ్ళ భాషలోకి మార్చింది. ఆయన శ్రద్ధగా తలూపుతూ విన్నారు. ఒకరి వంటకు దక్కాల్సిన మెప్పును ఇంకొకరి వంట చూపించి సంపాదించి పెట్టడమంత సిగ్గుమాలిన పని నేను ఇంకోటి చేయలేదు.

ఆయన తన పుస్తకం నాకు చూపించారు. ఆ అమ్మాయి చదివి చెప్పింది. ఒకరోజు, క్యారెట్టు గట్టిగా ఉంది, ఒకటో తరగతి పిల్లలకు కష్టం. ఇంకోరోజు, ఉప్పు కొంచెం తగ్గించాలి. మరోరోజు, ఈ కూర చాలా బాగుంది, మళ్ళీ చేయండి. నాకు నా రిజిస్టరు కళ్ళముందు కదిలింది. ఏడేళ్ళ పేజీల్లో ఉప్పు ఒక్కరోజు ఎక్కువ కాలేదు, ఒక్కరోజు తక్కువ కాలేదు. ప్రసాదానికైనా అట్లా కుదరదు. కాస్త బుర్ర ఉన్న అధికారి ఎవరైనా రెండు పేజీలు తిప్పితే చాలు, ఇతను తినలేదని కనిపెట్టేస్తారు. నేను కాపాడతానని మాట ఇచ్చి వచ్చిన మనిషికి నా సంతకమే ఉరితాడు అయ్యేట్టుంది. గేటు దగ్గర ఆమె నన్ను అట్లా ఎందుకు చూసిందో అప్పుడు తెలిసింది. నా మాట ఎంత చెల్లుతుందో ఆమెకు నా కంటే ముందే తెలుసు.

చివరి రోజు మాకు ఒక ఫారం ఇచ్చారు. ఈ ప్రయాణం వల్ల ఇతర సంస్కృతుల గురించి ఏం తెలుసుకున్నారు అని ప్రశ్న. బూట్లు విడవడం గురించి, పిల్లలే గదులు ఊడ్చుకోవడం గురించి, వేళకు రావడం గురించి రెండు పేజీలు నింపాను. చేతిరాత బాగుందని మెచ్చుకున్నారు.

తిరిగొచ్చిన తర్వాత మొదటి రోజు స్టాఫ్ రూములో అందరూ నా ఫోను చుట్టూ మూగారు. ఆ వంటావిడ ఫోటో వచ్చింది. నేను ఊపుగా చెప్తున్నాను. "చూడండి, నా ఒక్కడి కోసం వేరే పులుసు కాచింది. ఎవరికోసం చేస్తారండీ ఇట్లా? అదీ ఒక పరదేశి కోసం. మనవాళ్ళకు ఎన్ని జన్మలెత్తితే వస్తుంది ఆ బుద్ధి?"

అప్పుడే పళ్ళెంతో వచ్చిన మా వంటామె గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. నేను ఆమెకు కూడా ఫోటో చూపించాను. ఆమె తడిచేతిని చీరకొంగుకు తుడుచుకొని, ఫోను ముట్టుకోకుండా వంగి చూసింది.

"మంచామె మాదిరి ఉండాది సార్" అంది. పళ్ళెం బల్ల మీద పెట్టి పోయింది.

ఆ రోజు తినాలని గట్టిగా అనుకునే వచ్చాను. కానీ గదినిండా మనుషులు. ఏడేళ్ళు ముట్టనివాడు ఇవాళ మూత తీస్తే ఏమనుకుంటారో అని సిగ్గేసింది. రిజిస్టరులో రాయకుండా మాత్రం ఆపగలిగాను. నాకు అదే పెద్ద ధైర్యం.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మండల అధికారి చెప్పాపెట్టకుండా వచ్చేశారు. నలభై ఏళ్ళు ఉంటాయేమో, ఎవరినీ కసురుకోని, ఎవరికీ లొంగని ఆవిడ. హెడ్మాస్టరు గదిలో కూర్చొని నన్ను పిలిచారు. వంటామెను కూడా రమ్మన్నారు. ఆమె రోజూలాగే నా పళ్ళెం పట్టుకొని వచ్చి, అది బల్ల మీద పెట్టి తలుపు పక్కన నిలబడింది.

అంతవరకూ నేను ఒక లెక్క వేసుకొని ఉన్నాను. తిన్నాననే చెబుదాం. ఎన్నో వందల అబద్ధాల పక్కన ఇంకొకటి. ఈ ఒక్కదాని వల్ల ఒక మనిషికి మేలు కూడా జరుగుతుంది. అధికారి రిజిస్టరు తిప్పుతున్నారు.

"రోజూ బాగుందనే ఉండాదే. గుడ్డు కూర చేసిన రోజు కూడా మీరు తిన్నారా సార్?"

మా ఇంటిపేరు వింటేనే ఈ చుట్టుపక్కల ఎవరికైనా తెలిసిపోతుంది నేను గుడ్డు తింటానో లేదో. ఆ రోజు పప్పు తిన్నానని చెప్పి తప్పించుకోవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. జపాన్ హెడ్మాస్టరు పెన్ను పట్టుకొని నా అబద్ధం కోసం ఎదురుచూసిన తీరు గుర్తొచ్చి ఆగిపోయాను.

"లేదు మేడమ్. గుడ్డే కాదు, ఏదీ తినలేదు. ఏడేండ్లుగా తినకుండానే రాసినాను."

మా హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నారు. అధికారి రిజిస్టరు మూసేశారు.

"అట్లయితే ఇది చెల్లదు. మరి ఈమె గురించి నేను ఎవరి మాట నమ్మాల?"

వంటామె తల వంచుకొని ఉంది. నిజం చెప్పి నా మనసు తేలిక చేసుకొని, బరువంతా ఆమె నెత్తిన దించానా అని నాకు చచ్చేంత భయమేసింది.

"మీరు వస్తారని ఎవరికీ తెలీదు కదా మేడమ్. ఈ రోజు వండింది తిని చూడండి. నేనూ తింటాను" అన్నాను.

అధికారి లేచి, వంట షెడ్డుకు తానే వెళ్ళారు. పెద్ద గిన్నెలోంచి అన్నం, సాంబారు పళ్ళెంలో పెట్టించుకొని వచ్చి కూర్చున్నారు. నేను నా పళ్ళెం మూత తీశాను. ఏడేళ్ళలో మొదటిసారి. వేడి ఆవిరి ముఖానికి కొట్టింది. కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. బాగుంది. రాయడానికి కాదు, నిజంగా బాగుంది. అధికారి కూడా నాలుగు ముద్దలు తిన్నారు.

"బాగానే ఉండాదే. నీళ్ళ మాదిరి ఏం లేదే" అన్నారు. తర్వాత ఆమె చూపు నా గిన్నె మీద పడింది. "ఇదేంది సార్, మీ సాంబారు రంగు వేరేగా ఉండాది?"

నా గిన్నెలోంచి స్పూనుతో కొంచెం తీసుకొని రుచి చూశారు. ముఖం మారింది.

"దీంట్లో ఎర్రగడ్డే లేదు. ఏమ్మా, అయ్యోర్లకు వేరే వంట అని అర్జీలో రాసింది నిజమేనా?"

అప్పుడు చూశాను నా గిన్నెలోకి. నిజమే. ఎర్రగడ్డ ముక్క ఒక్కటీ లేదు. ఇంగువ వాసన వస్తోంది, మా ఇంటి సాంబారులాగే. వంటామె ముఖం పాలిపోయింది.

"వేరే వంట గాదు మేడమ్. సార్ వాళ్ళ ఇండ్లల్లో ఎర్రగడ్డ, తెల్లగడ్డ తినరంట. సార్ కొత్తగా వచ్చినప్పుడు నేనే రైలు కాడ పూలమ్మే ఆమెను అడిగి తెలుసుకున్నా, ఆమెది తిరుపతే. ఎర్రగడ్డ ఎయ్యకముందే ఒక గంటె సాంబారు చిన్న దబరలోకి తీసి, ఇంగువ తిరగమోత ఏసి పెడతా. ఇంగువ మా ఇంట్లోదే మేడమ్, బడి సరుకు గాదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"సార్ వచ్చిన కాడ్నించీ."

"ఆయన తినలేదని ఇప్పుడే చెప్పినాడు గదా?"

"తినలేదు మేడమ్."

"తెలిసీ రోజూ ఎందుకు చేసినావు?"

ఆమె నన్ను కాకుండా పళ్ళేన్ని చూస్తూ అంది.

"ఏదో ఒకరోజు ఆకలేసి తింటాడేమోనని. తిన్న పొద్దు ఎర్రగడ్డ తగిలిందంటే మళ్ళా తినడు గదా మేడమ్."

నా చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏడేళ్ళుగా నేను ఎర్రగడ్డ వెనక దాక్కున్నాను. ఆ ఎర్రగడ్డ నా పళ్ళెంలో ఒక్కరోజు కూడా లేదు. మరి నేను కాదన్నది దేన్ని? ఆ ప్రశ్నకు జవాబు అక్కడ నిలబడి ఉంది, ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను. సముద్రాలు దాటిపోయి ఒకావిడ ఫోటో తీసుకొచ్చి, మనవాళ్ళకు ఈ బుద్ధి ఎప్పుడొస్తుంది అని ఆమె ముందే అన్నాను. ఆమె ఆ ఫోటో వంగి చూసి, మంచామె అంది. ఏడుపొచ్చింది. అధికారి ముందు ఏడవడం బాగుండదని గబగబా ముద్దలు మింగాను. పళ్ళెం ఖాళీ అయ్యింది.

అధికారి అర్జీలో రెండు మాటలూ రుజువు కాలేదని, వంటామె కొనసాగాలని రాశారు. నాకు మెమో ఇస్తామన్నారు. వారంలో వచ్చింది. ఏడేళ్ళు తప్పుడు రాతలు రాసినందుకు సంజాయిషీ అడిగారు. రాసింది నిజమే, తప్పు నాదే అని ఒక్క వాక్యంలో బదులిచ్చాను. ఇంట్లో అమ్మకు కూడా చెప్పాను. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు క్యారియరులో ఒక గిన్నె తగ్గించింది.

అధికారి వెళ్ళిపోయాక, ఆ రోజే నేను వంట షెడ్డు దగ్గరికి వెళ్ళాను. పిల్లల భోజనాలు అయిపోయాయి. ఆమె బోకులు తోముతోంది. అక్కడికి నేను వెళ్ళడం ఏడేళ్ళలో అదే మొదటిసారి కాబట్టి ఎక్కడ నిలబడాలో కూడా తెలియలేదు.

"అమ్మా, రేపట్నుంచి నాకు వేరే తీయొద్దు. పిల్లోళ్ళు తినేదే నేను తినాల. లేకుంటే రుచి చూసి ఏం లాభం?"

"ఎర్రగడ్డ ఉంటాది సార్."

"ఉండనీ."

ఆమె చేతిలో గిన్నె కింద పెట్టింది.

"మీరు పిల్లోళ్ళది తినండి సార్. ఆ గంటె మటుకు నేను తీస్తా."

"ఎందుకమ్మా? ఎవరికి?"

"మీరు తినకుండా ఎనక్కొచ్చిందంతా పారేస్తానా సార్? నేనే తింటా ఉన్నా. ఏడేండ్లు తిని తిని, నాకిప్పుడు ఎర్రగడ్డ లేకుంటేనే బాగుంటాది."